పెన్ డ్రైవ్, కార్డు పెట్టగానే ప్రోగ్రాం దానంతటదే మొదలవ్వాలంటే ఏ పద్ధతి ఎవరికి మంచిది

మా బావకి పెళ్ళి ఫోటోల స్టూడియో ఉంది. మాఘమాసం వచ్చిందంటే ఒకే రాత్రి రెండు ముహూర్తాలు, తెల్లవారుజామున నాలుగింటికి స్టూడియోకి వచ్చి కెమెరాల్లోంచి కార్డులు తీసి కంప్యూటర్లోకి ఎక్కించి, మళ్ళీ ఎనిమిదింటికి అవే కార్డులు ఫార్మాట్ చేసుకుని ఇంకో ఊరు వెళ్ళాలి. అలాంటి ఒక రోజు నిద్ర కళ్ళతో ఉన్న కుర్రాడు నాలుగు కార్డుల్లో మూడే ఎక్కించి, నాలుగూ అయిపోయాయనుకున్నాడు. పోయినవి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి లాగితే కొన్ని వచ్చాయి, సగం పైన బూడిదరంగు గీతలే. పెళ్ళికూతురు నాన్నగారు గొడవ చెయ్యలేదు, ఆల్బం రెండుసార్లు తిరగేసి "తలంబ్రాలేవి బాబూ" అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రం బావ నన్ను అడిగింది ఒక్కటే, "ఏరా, కార్డు పెట్టగానే దానంతటదే కాపీ అయిపోయేలా చెయ్యలేవా?"

చెయ్యొచ్చు, కానీ ఒక్క దారి కాదు, ఏడెనిమిది ఉన్నాయి. స్టూడియోలో విండోస్, నా దగ్గర లైనక్స్ లాప్‌టాప్, అక్క దగ్గర మ్యాక్, మూడింటి మీదా చాలావరకు పెట్టి చూశాను, ఏది ఎక్కడ దెబ్బ తింటుందో కూడా తెలిసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు అందరూ అడిగే మాట. "పెన్ డ్రైవ్‌లో ఆటోరన్ ఫైలు ఒకటి పెడితే చాలదా?" చాలదు, ఇప్పుడు పనిచెయ్యదు. విండోస్ 95 తో వచ్చిన పద్ధతి అది, సీడీ పెట్టగానే విండోస్ ఆ సీడీలో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉందా అని చూసేది, ఉంటే అందులో రాసిన ప్రోగ్రాం నడిపేది. గేమ్ సీడీ పెట్టగానే ఇన్‌స్టాల్ స్క్రీన్ రావడం అలాంటిదే. సీడీలు అచ్చయ్యి వస్తాయి, ఇంట్లో ఎవరూ వాటి మీద మళ్ళీ రాయలేరు కాబట్టి కొన్నాళ్ళు నడిచింది. (2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు ఇదే దారిలో జనం కంప్యూటర్లలో దాక్కునే సాఫ్ట్‌వేర్ ఎక్కించి పెద్ద గొడవైంది, అంటే సీడీలు కూడా పూర్తిగా నమ్మదగినవేం కాదు.) పెన్ డ్రైవ్‌లు వచ్చాక అసలు కష్టం మొదలైంది, ఎందుకంటే పెన్ డ్రైవ్ మీద ఎవరైనా రాయొచ్చు, వైరస్ కూడా రాయొచ్చు. ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక్కసారి పెట్టి ఇంటికి తెస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోవడం, న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ అని ఒకటి ప్రత్యక్షమవ్వడం, ఇవన్నీ చూసిన వాళ్ళం మనం. 2008 చివర్లో వచ్చిన కాన్ఫికర్ వర్మ్ (దానంతటదే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకే వైరస్ లాంటిది) పెన్ డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది, అది పెట్టిన ఆటోరన్ ఫైలు ఎంత తెలివిగా ఉండేదంటే డ్రైవ్ పెట్టగానే ఏం చెయ్యాలని విండోస్ అడిగే ఆటోప్లే బాక్స్‌లో ఫోల్డర్ బొమ్మ, "ఫోల్డర్ తెరవండి" అన్న మాట కనిపించేవి, నొక్కితే వర్మ్ నడిచేది. అదే సంవత్సరం అమెరికా సైన్యం నెట్‌వర్క్‌లోకి ఇలాంటిదే ఒకటి పెన్ డ్రైవ్ దారిన దూరితే కొన్నాళ్ళు అక్కడ పెన్ డ్రైవ్‌లే బంద్ చేశారు.

దాంతో మైక్రోసాఫ్ట్ విండోస్ 7 నుంచి పెన్ డ్రైవ్‌ల మీద ఆటోరన్ తీసేసింది, 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ద్వారా ఎక్స్‌పీ, విస్టాలకీ తీసేసింది. ఇప్పుడు పెన్ డ్రైవ్‌లో ఆ ఫైలు పెడితే డ్రైవ్ పేరు, ఐకాన్ మారతాయి, అంతవరకే. ప్రోగ్రాం నడవదు. రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా) మార్చి పాత పద్ధతి వెనక్కి తెచ్చుకోవచ్చని చెప్పేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ జోలికి వెళ్ళకండి. మధ్యలో శాన్‌డిస్క్ వాళ్ళ యూ3 డ్రైవ్‌లు వచ్చాయి, పెన్ డ్రైవ్‌లో ఒక ముక్క తనని తాను సీడీ డ్రైవ్ అని చెప్పుకుని ఆటోరన్ చేయించుకునేది, అవీ ఎప్పుడో ఆగిపోయాయి.

కాబట్టి నేను ఇక్కడ పోల్చేవన్నీ రెండో రకంవి. ఏది నడవాలో పెన్ డ్రైవ్ చెప్పదు, మీ కంప్యూటర్ చెబుతుంది. "ఫలానా డ్రైవ్ వస్తే ఫలానా పని చెయ్యి" అన్న నియమం కంప్యూటర్లో ఉంటుంది, నడిచే ప్రోగ్రాం కూడా కంప్యూటర్లోనే ఉంటుంది, డ్రైవ్ నుంచి ఫైళ్ళు మాత్రమే వస్తాయి. ఈ ఒక్క గీత దాటకపోతే కింద చెప్పే వాటిల్లో ఏది ఎంచుకున్నా పాత రోజుల వైరస్ గోల ఉండదు. దాటితే, అంటే పెన్ డ్రైవ్‌లో ఉన్న బ్యాచ్ ఫైలునే (కమాండ్లు రాసి పెట్టిన ఫైలు) నడిపించేలా పెడితే, ఆటోరన్‌ని మనమే చేత్తో మళ్ళీ తెచ్చుకున్నట్టు.

విండోస్‌లో అన్నిటికంటే తేలిక ఆటోప్లే. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్ కింద ఉంటుంది, రిమూవబుల్ డ్రైవ్‌కి ఒకటి, మెమరీ కార్డ్‌కి ఒకటి అని విడివిడిగా ఏం జరగాలో ఎంచుకోవచ్చు, ఫోల్డర్ తెరవడం, ఫోటోస్ యాప్‌లోకి ఎక్కించుకోవడం, ప్రతిసారీ అడగడం, ఏమీ చెయ్యకపోవడం. ఇంట్లో నెలకోసారి ఫోన్ కార్డు పెట్టి పిల్లల ఫోటోలు దించుకునే వాళ్ళకి ఇది చాలు, నిజంగా చాలు, ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. దీనికున్న లోటు ఏంటంటే డ్రైవ్‌కీ డ్రైవ్‌కీ తేడా తెలియదు, మీ బ్యాకప్ డిస్క్ అయినా పక్కింటాయన పెన్ డ్రైవ్ అయినా ఒకటే పని చేస్తుంది. పైగా మీ సొంత స్క్రిప్ట్‌ని (మనం రాసుకున్న చిన్న ప్రోగ్రాం) ఆ లిస్టులో చేర్చాలంటే రిజిస్ట్రీలో చేర్చాలి, అంత కష్టపడేకంటే వేరే దారి మేలు.

ఆ వేరే దారుల్లో మామూలు మనిషికి నేను ముందు చెప్పేది ఫ్రీఫైల్‌సింక్. ఉచితం, దానితో పాటే రియల్‌టైమ్‌సింక్ అని ఇంకో చిన్న ప్రోగ్రాం వస్తుంది, చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు. మీరు ఫ్రీఫైల్‌సింక్‌లో ఏ ఫోల్డర్ ఎక్కడికి కాపీ అవ్వాలో పెట్టుకుని బ్యాచ్ జాబ్‌గా సేవ్ చేసుకోవాలి, రియల్‌టైమ్‌సింక్‌కి డిస్క్‌లోని ఒక ఫోల్డర్‌ని కాపలా కాయమని చెప్పాలి, ఆ డిస్క్ పెట్టి ఫోల్డర్ కనిపించగానే అది జాబ్‌ని నడిపిస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి, డ్రైవ్ లెటర్ (విండోస్ డ్రైవ్‌కి ఇచ్చే C, D లాంటి అక్షరం) బదులు డిస్క్ పేరు రాసుకోవచ్చు, చదరపు బ్రాకెట్లలో పేరు పెడితే దాని లెటర్ ఈరోజు E అయినా రేపు G అయినా వెతికి పట్టుకుంటుంది. కోడ్ రాయక్కర్లేదు. లోటు చెప్పాలంటే, లాగిన్ అయ్యి ఉండాలి, ప్రోగ్రాం స్టార్టప్‌లో పెట్టి వెనక నడుస్తూ ఉండాలి, ఎవరైనా ట్రేలోంచి మూసేస్తే ఆ విషయం మీకు ఎవరూ చెప్పరు. ఇంట్లో ఒక బ్యాకప్ హార్డ్ డిస్క్, ఒక కంప్యూటర్ ఉన్నవాళ్ళు ఇది పెట్టుకోండి. మా నాన్నగారి రిటైర్మెంట్ కాగితాల స్కాన్లు, పొలం దస్తావేజులు అన్నీ ఈ పద్ధతి మీదే ఉన్నాయి.

టాస్క్ షెడ్యూలర్ సంగతి. చెప్పిన టైమ్‌కో, చెప్పింది జరిగినప్పుడో ప్రోగ్రాం నడిపే టూల్ ఇది, విండోస్‌లోనే ఉంటుంది, ఇంకేదీ ఇన్‌స్టాల్ చెయ్యొద్దని రూల్ ఉన్న ఆఫీసు కంప్యూటర్లలో ఇదే దారి. టైమ్‌కి కాకుండా ఈవెంట్‌కి, అంటే ఏదైనా జరిగినప్పుడు విండోస్ తన లాగ్‌లో రాసుకునే నమోదుకి, ట్రిగ్గర్ పెట్టాలి. విండోస్ 10 నుంచి పార్టిషన్ డయాగ్నస్టిక్ అనే లాగ్‌లో డిస్క్ పెట్టినప్పుడు 1006 నంబర్ ఈవెంట్ పడుతుంది, అందులో డిస్క్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ కూడా ఉంటాయి, కాబట్టి ఫిల్టర్ రాసుకుంటే ఆ ఒక్క డిస్క్‌కే స్పందించేలా పెట్టొచ్చు. పాత సలహాల్లో డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్స్ లాగ్, 2003 నంబర్ అని ఉంటుంది, ఆ లాగ్ ఇప్పుడు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ముందు ఎనేబుల్ చేసుకోవాలి, అది తెలియక గంటలు గంటలు పోగొట్టుకుంటారు.

టాస్క్ షెడ్యూలర్‌లో ఇరుక్కునే చోట్లు చాలా ఉన్నాయి, అన్నీ నేను ఒక్కొక్కటిగా తగిలి నేర్చుకున్నవే. ఆ 1006 ఈవెంట్ డిస్క్ పెట్టినప్పుడే కాదు తీసినప్పుడు కూడా పడుతుంది, తీసినప్పుడు కెపాసిటీ సున్నా అని ఉంటుంది, కాబట్టి డ్రైవ్ నిజంగా ఉందో లేదో స్క్రిప్ట్ మొదట్లోనే చూసుకోవాలి. ఈవెంట్ పడిన క్షణానికి డ్రైవ్ లెటర్ ఇంకా రాకపోవచ్చు, ఐదారు సెకన్లు ఆగమని పెట్టండి. కండిషన్స్ ట్యాబ్‌లో "ఏసీ పవర్ మీద ఉంటేనే" అన్న టిక్ మామూలుగా పెట్టే ఉంటుంది, లాప్‌టాప్‌లో చార్జర్ తీసి ఉంటే టాస్క్ నడవదు, ఎందుకు నడవలేదో చెప్పదు కూడా. కరెంటు పోయి యూపీఎస్ మీద ఉన్నప్పుడు ఆగడం మంచిదే కదా అనిపిస్తుంది గానీ లాప్‌టాప్‌కి మాత్రం ఆ టిక్ తీసెయ్యండి. "యూజర్ లాగిన్ అయినా అవ్వకపోయినా నడుపు" అని పెడితే విండో కనిపించదు, పని అయిందో లేదో తెలియదు, లాగ్ ఫైలు రాయించుకోవాలి.

కార్డ్ రీడర్ వాడే వాళ్ళకి ఇంకో ముఖ్యమైన మాట. స్టూడియోలో రీడర్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది, మారేది అందులో కార్డు మాత్రమే. అంటే కొత్త యూఎస్‌బీ పరికరం ఏదీ రానట్టే. "పరికరం పెట్టారా" అని చూసే పద్ధతులు ఇక్కడ కార్డు మారిన సంగతి పట్టుకుంటాయన్న నమ్మకం లేదు, "కొత్త వాల్యూమ్ వచ్చిందా", అంటే ఫైళ్ళున్న కొత్త డ్రైవ్ ఏదైనా కనిపించిందా, అని చూసే పద్ధతి కావాలి. బావ స్టూడియోకి టాస్క్ షెడ్యూలర్ ఈవెంట్ వద్దనుకున్నది అందుకే.

వాల్యూమ్‌ని చూసేది పవర్‌షెల్, అంటే విండోస్‌లో స్క్రిప్ట్‌లు నడిపే టూల్. విండోస్ లోపల డబ్ల్యూఎంఐ అని ఒక వ్యవస్థ ఉంది, అందులో వాల్యూమ్ మార్పు ఈవెంట్ ఒకటి ఉంది, రకం 2 అంటే వచ్చింది, 3 అంటే వెళ్ళిపోయింది, దానితో పాటు డ్రైవ్ లెటర్ కూడా ఇస్తుంది. పది పదిహేను లైన్ల స్క్రిప్ట్ ఆ ఈవెంట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, రాగానే లోపల ఏముందో చూసి నిర్ణయిస్తుంది. కెమెరా కార్డులన్నిట్లో డీసీఐఎం అనే ఫోల్డర్ ఉంటుంది, ఏ కంపెనీ కెమెరా అయినా సరే, కాబట్టి ఆ ఫోల్డర్ ఉంటే కెమెరా కార్డు, ఆ రోజు తేదీతో ఫోల్డర్ చేసి అందులోకి కాపీ, లేకపోతే ముట్టుకోకు. ఇంత స్వేచ్ఛ వేరే దేంట్లోనూ లేదు. కానీ స్క్రిప్ట్ రాయడం, బాగు చెయ్యడం తెలిసిన మనిషి దగ్గర్లో ఉండాలి, అది చిన్న విషయం కాదు. నేను వేరే ఊళ్ళో ఉంటే బావ ఏం చేస్తాడు అన్నది నేనే వేసుకున్న ప్రశ్న.

ఇది పెట్టుకుంటే రెండు మూడు జాగ్రత్తలు. స్క్రిప్ట్ లాగిన్ అవ్వగానే మొదలవ్వడానికి టాస్క్ షెడ్యూలర్‌లోనే పెడతాం కదా, అక్కడ "3 రోజులు దాటితే టాస్క్ ఆపు" అన్న టిక్ మామూలుగా ఉంటుంది. స్టూడియో కంప్యూటర్ వారాల తరబడి ఆపరు, నాలుగో రోజు నుంచి కాపీ ఆగిపోయింది, ఎందుకో తెలియక తల పట్టుకున్నాను, ఆ టిక్ తీసెయ్యండి. పవర్‌షెల్ 7 వాడేవాళ్ళు పాత రిజిస్టర్ డబ్ల్యూఎంఐ కమాండ్ కోసం వెతకకండి, అందులో లేదు, సిమ్ ఇండికేషన్ ఈవెంట్ కమాండ్ (Register-CimIndicationEvent) వాడాలి. డబ్ల్యూఎంఐలో పర్మనెంట్ సబ్‌స్క్రిప్షన్ అని ఇంకోటుంది, స్క్రిప్ట్ నడుస్తూ ఉండక్కర్లేదు, కానీ అది దొంగ ప్రోగ్రాంలు దాక్కునే చోటు కూడా కాబట్టి యాంటీవైరస్‌లు అనుమానంగా చూస్తాయి, మనకి వద్దు.

స్క్రిప్ట్ వద్దు, కానీ ఆ పట్టు కావాలి అనే వాళ్ళకి మధ్యేమార్గం యూఎస్‌బీడీఎల్ఎమ్. జర్మనీకి చెందిన ఊవె జీబర్ రాసింది, అసలు పని డ్రైవ్ లెటర్లు కేటాయించడం, ఈ డిస్క్‌కి ఎప్పుడూ ఎక్స్, ఆ కార్డుకి ఎప్పుడూ వై అని, దాంతో పాటు డ్రైవ్ వచ్చినప్పుడు, వెళ్ళినప్పుడు మనం చెప్పిన ప్రోగ్రాం నడుపుతుంది. సర్వీస్‌గా, అంటే విండో లేకుండా వెనకే, నడుస్తుంది కాబట్టి ఎవరూ పొరపాటున మూసెయ్యలేరు. టెక్స్ట్ ఫైల్‌లో నియమాలు రాయాలి, మొదట కంగారుగా ఉంటుంది, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. సొంత వాడకానికి, చదువుకి ఉచితం, షాపుకైతే లైసెన్స్ కొనాలి, అది కొనండి, అంత పని చేసిపెట్టిన మనిషికి ఇవ్వాల్సిందే. నిర్‌సాఫ్ట్ వాళ్ళ యూఎస్‌బీడీవ్యూలో కూడా పరికరం పెట్టినప్పుడు కమాండ్ నడిపే ఆప్షన్ ఉంది, అయితే అది తెరిచి ఉండాలి, అది చూసేది పరికరాన్ని కాబట్టి పైన చెప్పిన కార్డ్ రీడర్ కష్టం దానికీ ఉంటుంది. ఒకసారి ప్రయత్నించి చూడటానికి బాగుంటుంది, రోజూ ఆధారపడటానికి నేను పెట్టను.

లైనక్స్ వాళ్ళు వెంటనే యూడెవ్ (పరికరాలు పెట్టడం, తియ్యడం గమనించే లైనక్స్ భాగం) రూల్ అంటారు. సగం నిజం. యూడెవ్ రూల్ డ్రైవ్‌ని యూయూఐడీతో (దానికుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కచ్చితంగా గుర్తుపడుతుంది, కానీ అందులో రన్ అని రాసి బ్యాకప్ స్క్రిప్ట్‌ని నేరుగా పెట్టేస్తే కాసేపటికి చచ్చిపోతుంది, ఎందుకంటే యూడెవ్ చిన్న చిన్న పనుల కోసమే, ఎక్కువసేపు నడిచేవాటిని అదే చంపేస్తుంది, మౌంట్ చెయ్యడం (డ్రైవ్‌లో ఫైళ్ళు ఫోల్డర్‌గా కనిపించేలా తగిలించడం) కూడా అక్కడినుంచి కుదరదు. సరైన దారి, యూడెవ్ కేవలం సిస్టమ్‌డీకి (లైనక్స్‌లో సర్వీస్‌లు నడిపే వ్యవస్థ) కబురు చెప్పాలి, పని సిస్టమ్‌డీ సర్వీస్ చెయ్యాలి. ఇంకా తేలికైనది, డెస్క్‌టాప్ దానంతటదే మౌంట్ చేసే డ్రైవ్ అయితే యూడెవ్ జోలికే వెళ్ళక్కర్లేదు, ఆ మౌంట్ పేరు మీదే సర్వీస్ కట్టేయొచ్చు, ఉబుంటులో మీడియా కింద యూజర్ పేరు, డ్రైవ్ లేబుల్ ఉంటాయి కదా, అదే యూనిట్ పేరవుతుంది. డ్రైవ్ లేబుల్‌లో ఖాళీలు, అడ్డగీతలు లేకుండా పెట్టుకోండి, లేకపోతే ఆ పేరు రాసేటప్పుడు వింత గుర్తులు వచ్చి విసుగొస్తుంది. నా లాప్‌టాప్‌లో రెండేళ్ళుగా ఇదే, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. పూర్తి డెస్క్‌టాప్ లేకుండా విండో మేనేజర్ మాత్రమే వాడే వాళ్ళకి యుడిస్కీ, డెవ్‌మన్ ఉన్నాయి, డెవ్‌మన్‌లో డ్రైవ్ వస్తే ఈ కమాండ్ నడుపు అన్న ఆప్షన్ సూటిగా ఉంది.

మ్యాక్ సంగతి చిన్నదే. ప్రోగ్రాంలని వెనకే మొదలుపెట్టే లాంచ్‌డీ అనే మ్యాక్ భాగంలో స్టార్ట్ ఆన్ మౌంట్ అని ఒక కీ ఉంది, ఏ డిస్క్ మౌంట్ అయినా మీ స్క్రిప్ట్ నడుస్తుంది. ఏ డిస్క్ అయినా అంటే నిజంగా ఏదైనా, డౌన్‌లోడ్ చేసిన డీఎంజీ ఫైలు (డిస్క్‌లా తెరుచుకునే మ్యాక్ ఫైలు) తెరిచినా నడుస్తుంది, కాబట్టి స్క్రిప్ట్ మొదటి లైన్‌లోనే మన డిస్క్ పేరు ఉందా అని చూడాలి. 2019లో వచ్చిన కాటలీనా నుంచి బయటి డిస్క్‌లు చదవడానికి అనుమతి కావాలి, ఒకసారి ఇవ్వకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టే ఉండి ఒక్క ఫైలూ కాపీ అవ్వదు. కెమెరా కార్డుల కోసమే అయితే ఇవేవీ వద్దు, ఇమేజ్ క్యాప్చర్ యాప్ తెరిచి ఆ కార్డు పెట్టినప్పుడు ఏ యాప్ తెరుచుకోవాలో అక్కడే చెప్పొచ్చు. బ్యాకప్ కోసమైతే మ్యాక్‌తోనే వచ్చే టైమ్ మెషిన్ ఉంది, డిస్క్ పెట్టగానే దానంతటదే మొదలవుతుంది. అక్కకి నేను ఇంతకంటే ఏమీ పెట్టలేదు.

ఇప్పుడు ఏ పద్ధతికైనా వర్తించే, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న సంగతి. డ్రైవ్ లెటర్‌ని నమ్మకండి. మొదట్లో మా ఇంట్లో నేను రోబోకాపీతో (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) మిర్రర్ పెట్టాను, D డ్రైవ్‌లో ఉన్న ఫోటోలన్నీ E డ్రైవ్‌కి అని. మిర్రర్ అంటే గమ్యం అచ్చం మూలంలా ఉండాలి, మూలంలో లేనివి గమ్యంలో ఉంటే తీసేస్తుంది. ఒకరోజు బ్యాకప్ డిస్క్ కాకుండా అక్క పెన్ డ్రైవ్ ముందు పెట్టాం, దానికి E అన్న లెటర్ వచ్చింది, స్క్రిప్ట్ దాన్నే బ్యాకప్ డిస్క్ అనుకుంది. అక్క బీఎడ్ ప్రాజెక్ట్, ఆరు నెలల లెసన్ ప్లాన్‌లు, తీసేసింది. నిమిషం కూడా పట్టలేదు. దానంతటదే నడిచే పనిలో భయం ఇదే, "ఖాయమేనా" అని అడిగే మనిషి మధ్యలో ఉండడు.

అందుకని గుర్తింపు రెండు రకాలుగా పెట్టండి. వాల్యూమ్ సీరియల్ నంబర్ చూడొచ్చు, ఫార్మాట్ చేస్తే అది మారిపోతుందని గుర్తుపెట్టుకోండి. హార్డ్‌వేర్ సీరియల్ మారదు, కానీ చవక పెన్ డ్రైవ్‌ల్లో కొన్నిటికి అసలు ఉండదు, కొన్నిటికి అన్నిటికీ ఒకటే ఉంటుంది. నేను సీరియల్‌తో పాటు డిస్క్‌లో ఒక చిన్న ఖాళీ టెక్స్ట్ ఫైలు ప్రత్యేకమైన పేరుతో పెడతాను, రెండూ సరిపోతేనే పని మొదలు. ఇంకోటి, స్క్రిప్ట్‌లో "రిమూవబుల్ డ్రైవ్ అయితేనే" అని షరతు పెట్టేవాళ్ళు ఉంటారు, యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లు, ఎస్ఎస్‌డీలు చాలావరకు విండోస్‌కి లోకల్ డిస్క్ లాగే కనిపిస్తాయి, డ్రైవ్ రకం 2 (రిమూవబుల్) కాదు 3 (లోకల్) అని వస్తుంది, ఆ షరతు పెడితే బ్యాకప్ డిస్క్‌నే పట్టించుకోదు.

దానంతటదే నడిచే దాంట్లో మిర్రర్ వద్దే వద్దు. కొత్తవి చేర్చడం, మారినవి మార్చడం వరకే, తీసెయ్యడం మనిషి చెయ్యాలి. ఫ్రీఫైల్‌సింక్‌లో అయితే అప్‌డేట్ ఎంచుకుని, పాత ఫైళ్ళని వెర్షనింగ్ ఫోల్డర్‌లో దాచమని పెట్టండి. రోబోకాపీ వాడితే అది తిరిగిచ్చే నంబర్ 8 కంటే తక్కువైతే బాగా జరిగినట్టు, 1 రాగానే ఎర్రర్ అనుకుని కంగారు పడకండి. కాపీ అయ్యాక డిస్క్‌ని స్క్రిప్టే ఎజెక్ట్ చేసెయ్యడం మంచిది, అదే ఊవె జీబర్ రాసిన రిమూవ్‌డ్రైవ్ అనే చిన్న టూల్ ఆ పని చేస్తుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు తగిలించి ఉన్న బ్యాకప్ డిస్క్ కూడా దానికి దొరికినట్టే కదా.

జిరాక్స్ షాపు, డీటీపీ సెంటర్, మీసేవ నడిపేవాళ్ళకి సలహా వేరుగా ఉంటుంది. రోజుకి వంద మంది పెన్ డ్రైవ్‌లు వస్తాయి, ఒక్కటీ మీది కాదు. మీకు ఆటోప్లే "ఏమీ చెయ్యొద్దు" అన్న దాంట్లో ఉండాలి. దానంతటదే నడవాల్సింది ఏదైనా ఉంటే స్కాన్ ఒక్కటే, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కి కమాండ్ లైన్ ఉంది, వచ్చిన డ్రైవ్ లెటర్ ఇచ్చి దాన్ని మాత్రమే స్కాన్ చెయ్యమని చెప్పొచ్చు, పైన చెప్పిన పవర్‌షెల్ పద్ధతికి గానీ యూఎస్‌బీడీఎల్ఎమ్‌కి గానీ అది తగిలిస్తే సరిపోతుంది. స్కాన్‌తో అంతా అయిపోయిందనుకోకండి, 2014లో కార్‌స్టెన్ నోల్, జాకబ్ లెల్ చూపించిన బ్యాడ్‌యూఎస్‌బీలో పెన్ డ్రైవ్ తనని తాను కీబోర్డ్‌లా చూపించుకుని కమాండ్లు టైప్ చేసేస్తుంది, ఫైళ్ళ స్కాన్‌కి అది దొరకదు. రోడ్డు మీద దొరికిన పెన్ డ్రైవ్ షాపు కంప్యూటర్‌కి పెట్టకండి. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో 297 పెన్ డ్రైవ్‌లు కావాలని పడేసి చూస్తే దాదాపు సగం వాటిల్లో ఫైళ్ళు తెరిచేశారు జనం, ఎక్కువమంది సొంతదారుని వెతుకుదామన్న మంచి ఉద్దేశంతోనే.

ఇక నన్ను సూటిగా అడిగితే. ఇంట్లో ఫోటోలు దించుకోవడానికి ఆటోప్లే. ఇంట్లో బ్యాకప్‌కి రియల్‌టైమ్‌సింక్. ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వని ఆఫీసులో, ఒకే డిస్క్ ఉంటే, టాస్క్ షెడ్యూలర్, టిక్‌లన్నీ చూసుకుని. లైనక్స్‌లో సిస్టమ్‌డీ. మ్యాక్‌లో ఉన్నవే వాడుకోండి. కార్డులు మారుతూ ఉండే స్టూడియో, ల్యాబ్ లాంటి చోట స్క్రిప్ట్ చూసుకునే మనిషి ఉంటే పవర్‌షెల్, లేకపోతే లైసెన్స్ కొని యూఎస్‌బీడీఎల్ఎమ్. బావ దగ్గర మొదట పవర్‌షెల్ పెట్టాను, తర్వాత నేనే దాన్ని తీసి యూఎస్‌బీడీఎల్ఎమ్‌కి మార్చాను, ఎందుకంటే అది ఆగిందా లేదా అని నేను ఫోన్‌లో అడగాల్సిన పని ఉండకూడదు.

ఇప్పుడు అక్కడ ఎలా ఉందంటే, కుర్రాడు ముందు కార్డు పక్కనున్న చిన్న లాక్ కిందకి జరుపుతాడు, పెద్ద ఎస్‌డీ కార్డులకి ఉంటుంది కదా అది, దాంతో మామూలుగా కంప్యూటర్ ఆ కార్డు మీద ఏమీ రాయకుండా ఉంటుంది. కార్డు పెడతాడు. కాపీ అవుతుంది, అయ్యాక కార్డులో ఎన్ని ఫైళ్ళు, ఫోల్డర్లో ఎన్ని, రెండు చోట్లా మొత్తం సైజు ఎంత, అని స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో వస్తుంది, సరిపోతే ఆకుపచ్చ, సరిపోకపోతే ఎరుపు, గంట శబ్దం కూడా. ఫార్మాట్ మాత్రం ఏ స్క్రిప్టూ చెయ్యదు, ఆకుపచ్చ చూశాక కెమెరాలోనే చేస్తారు.

మీరు ఏది పెట్టుకున్నా అసలు పనికి వాడేముందు మూడు పరీక్షలు చెయ్యండి. ఖాళీ కార్డు పెట్టండి, ఏం చేస్తుందో చూడండి. రెండు కార్డులు ఒకేసారి పెట్టండి, రెండిట్లోనూ ఒకే పేరున్న ఫోటోలు ఉంటే ఒకదాని మీద ఒకటి రాస్తుందేమో చూడండి, కెమెరాలు 9999 దాటాక మళ్ళీ మొదటి నుంచి నంబర్ వేస్తాయి కాబట్టి ఇది తప్పకుండా జరిగేదే, ప్రతి కార్డుకీ వేరే ఫోల్డర్ ఉండాలి. మూడోది, కాపీ సగంలో ఉండగా కార్డు లాగేసి మళ్ళీ పెట్టండి, మిగిలిన సగం వచ్చిందా, మధ్యలో తెగిన ఫోటో మళ్ళీ పూర్తిగా కాపీ అయిందా అన్నది ఫోటో తెరిచి చూడండి. మా దగ్గర ఆ మూడో పరీక్షలో రెండుసార్లు ఫెయిల్ అయింది, మూడోసారికి కుదిరింది, ఆ తర్వాతే ముహూర్తాల రోజుకి వాడాం.